మెతుకుసీమలో రాతి గుడి

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గ మిత్రులు అడిగారు. కోటల గురించి, ఆలయాల గురించి అధికారపూర్వకంగా రాయగలిగిన పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను మాత్రం మెదక్ చర్చిని ఎంచుకున్నాను. నేను క్రైస్తవుణ్ణి కాను. ఇంజనీరింగు శాఖలో ముప్ఫయి నాలుగేళ్ళు పనిచేసినవాడిని కనుక ఏ కట్టడాన్ని చూసినా దీని బరువు ఎక్కడికి దిగుతోంది, దీన్ని ఎవరు మోశారు అన్న రెండు ప్రశ్నలు నాకు అలవాటుగా వస్తాయి. మెదక్ చర్చి విషయంలో మొదటి ప్రశ్నకు జవాబు గోథిక్ నిర్మాణ పద్ధతిలో ఉంది. రెండో ప్రశ్నకు జవాబు కరువులో ఉంది. ఈ రెంటినీ కలిపి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెదక్‌కు ఆ పేరు ఎలా వచ్చిందో స్థానికులు చెప్పే మాట మనందరికీ తెలిసిందే. అది మెతుకుదుర్గం, అంటే అన్నం మెతుకు పేరు పెట్టుకున్న ఊరు. నిజాం కాలంలో గుల్షనాబాద్ అని కూడా అన్నారు. కాకతీయుల నాటి నుంచి ఉన్న కోట గుట్ట మీద ఇప్పటికీ నిలిచి ఉంది. మెతుకుసీమ అన్న మాట పద్యాల్లోకి, సభల్లోకి ఎక్కింది గాని ఆ సీమ మెతుకు కోసం తపించిన రోజులు కూడా ఉన్నాయి. చర్చి పుట్టింది అలాంటి రోజుల్లోనే.

పాదిరి పాస్నెట్ రాక

చార్లెస్ వాకర్ పాస్నెట్ ఇంగ్లండు దేశస్థుడు, వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన పాదిరి. 1895లో సికిందరాబాదు వచ్చి, మొదట తిరుమలగిరిలోని బ్రిటిషు సిపాయిల మధ్య పనిచేశాడు. తర్వాత పల్లెల వైపు మళ్ళి, 1890ల చివరలో మెదక్ చేరి అక్కడే స్థిరపడ్డాడు. అప్పటికి ఆ దారిలో బస్సు లేదు, రైలు లేదు. ప్రయాణం గుర్రం మీద. సికిందరాబాదు నుంచి మన్మాడు వెళ్ళే రైలుమార్గం 1900 ప్రాంతంలో పడినా, అది మెదక్‌ను తాకకుండా పదిహేడు కిలోమీటర్ల అవతల నుంచి సాగిపోయింది. అక్కన్నపేట నుంచి మెదక్‌కు రైలు వచ్చింది 2022 సెప్టెంబరులో! చర్చి కట్టే నాటికి అక్కడికి ఏ సామాను చేరాలన్నా చివరి మజిలీ బండి మీదో తల మీదో జరగవలసిందే. ఈ సంగతి గుర్తుంచుకుంటే ఆ గోడలకు స్థానిక గ్రానైటు తప్ప గత్యంతరం లేదని ఎవరైనా ఒప్పుకుంటారు.

మిషనువారు ఉండే ఇల్లు బాగుండి, ప్రార్థన చేసుకునే చోటు దానికంటే తక్కువగా ఉండటం పాస్నెట్‌కు సరి అనిపించలేదని చెబుతారు. 1914లో చర్చి పని మొదలైంది. 1924 డిసెంబరు 25న క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. అంటే పట్టిన కాలం పదేళ్ళు. ఆ పదేళ్ళలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది. 1918లో దేశమంతటా వానలు దెబ్బతిన్నాయి. అదే ఏడు వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ఇంటింటా మనుషులను తీసుకుపోయింది. ఇలాంటి కాలంలో ఇంత పెద్ద కట్టడం తలపెట్టడం తగునా అని అడగవచ్చు. దానికి సమాధానం ఆ కట్టడాన్ని నడిపిన తీరులోనే ఉంది. ఆ సంగతికి ముందు కట్టడాన్ని చూద్దాం.

గోథిక్ అంటే ఏమిటి?

గోథిక్ అన్న పేరు మొదట తిట్టు. తమకు నచ్చని మధ్యయుగపు కట్టడాలను ఇటలీ పండితులు గోతులనే అనాగరిక జాతికి అంటగట్టి ఆ పేరు పెట్టారు. ఈ శైలి ప్యారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠంలో 1140 – 1144 మధ్య సూజెర్ అనే మఠాధిపతి పూనికతో రూపు దిద్దుకుంది. దాని ముఖ్య లక్షణాలు మూడు. మొన తేలిన కమాను, కప్పును మోసే రాతి పక్కటెముకలు, గోడకు బయట నుంచి ఆసరా ఇచ్చే ఆనుడు స్తంభాలు.

కమాను గురించి ఇంజనీర్లు కాని మిత్రుల కోసం రెండు మాటలు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, అరచేతులు ఆనించుకుని ముందుకు వాలారనుకోండి. చేతులు విడిపోవు గాని కాళ్ళు వెనక్కి జారాలని చూస్తాయి. కమాను చేసే పని కూడా అదే. తన మీది బరువును కిందికి దించుతుంది గాని, ఇరుపక్కల గోడలను బయటికి తోస్తుంది. అర్ధచంద్రాకారపు కమానుకు ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగమే. మొన తేలిన కమానును ఎంత ఎత్తుకు కావాలంటే అంత ఎత్తుకు లేపవచ్చు. ఎత్తు పెరిగేకొద్దీ పక్క తోపుడు తగ్గుతుంది. మిగిలిన తోపుడుకు బయట ఆనుడు స్తంభం అడ్డం నిలుస్తుంది. ఇక మధ్య గోడకు మోసే పని తగ్గిపోతుంది గనుక దాన్ని తెరచి పెద్ద కిటికీలు పెట్టవచ్చు. గోథిక్ గుడిలో అంత వెలుతురు ఉండటానికి కారణం ఇదే.

ఇది పూర్తిగా పరదేశపు విద్య అని మనం అనుకుంటాం. మొన తేలిన కమాను కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదులో 879 నాటికే ఉంది. అంటే గోథిక్‌కు రెండున్నర శతాబ్దాల ముందు. మన కాకతీయులు దూలాల మీద దూలాలు పేర్చి కట్టారు, కమాను వాడలేదు. సుల్తానుల కాలంతో కమాను దక్కనుకు వచ్చింది. 1591 నాటి చార్మినారు నాలుగు ముఖాలా ఉన్నవి మొన తేలిన కమానులే. కనుక మెదక్‌లో నకాసు చూపించి ఇలా కట్టాలని చెప్పినప్పుడు, ఆ ఆకారం దక్కను మేస్త్రులకు కొత్తది కాదు. ఇంగ్లండు దొర గోథిక్ ఆర్చి అన్నదాన్ని మన మేస్త్రి తాతముత్తాతల నాటి నుంచీ కమాను అంటున్నాడు. కాగితం అక్కడి నుంచి వచ్చినా చెయ్యి ఇక్కడిదే.

నకాసులు ఎక్కడివి?

మెదక్ చర్చి నిర్మాణ రచన థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ పేరుతోనూ, ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే ఆర్కిటెక్టుల సంస్థ పేరుతోనూ చెలామణీలో ఉంది. బోల్టన్ నూలు మిల్లుల ఊరు. ఈ సంస్థవారు నూలు మిల్లులు కట్టారు, మెథడిస్టుల సభామందిరాలు కూడా కట్టారు. బోల్టన్‌లో 1900లో పూర్తయిన విక్టోరియా హాలు వారిదే.

మెథడిస్టులు మొదట గోథిక్ జోలికి పోలేదు. వారి తొలి ప్రార్థన మందిరాలు ఆడంబరం లేని పెద్ద గదులు. ఎఫ్.జె. జాబ్సన్ అనే పాదిరి 1850లో మందిర నిర్మాణం మీద పుస్తకం రాసి గోథిక్‌ను సిఫారసు చేసిన తర్వాతే వారిలో ఆ మోజు పెరిగింది. అయినా వారికి బోధ వినపడటం ముఖ్యం. పాత గోథిక్ గుడులలో పూజారి దూరాన ఎక్కడో ఉంటాడు, జనం వెనక ఉంటారు. మెథడిస్టు మందిరంలో చివరి వరసవాడికి కూడా మాట అందాలి. మెదక్‌లో ఈ రెండు అవసరాలూ కలిశాయి. పైకి చూస్తే గోథిక్ గుడి, లోపలికి వెళితే సభామందిరం.

కొలతలు – ఒక ఇంజనీరు లెక్క

చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. ఒకేసారి అయిదు వేల మంది పడతారని చెబుతారు. ఈ అంకె నిజమా అని నేను లెక్క వేసి చూశాను. 200ను 100తో గుణిస్తే 20 వేల చదరపు అడుగులు. గోడలు, స్తంభాలు తీసివేయకుండానే మనిషికి 4 చదరపు అడుగులు వస్తుంది. బల్లలు వేసి మధ్యలో నడవలు వదిలితే ఒక్కొక్కరికి అంతకంటే ఎక్కువే కావాలి, కనుక బల్లల మీద అయిదు వేల మంది పట్టరు. కింద బాసిపట్లు వేసుకుని మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటే పట్టవచ్చు. అంటే ఆ అంకె నిలబడాలంటే మన హరికథకూ పురాణానికీ కూర్చున్నట్టు కూర్చోవాలి. ఇంగ్లండు గుడి కొలతలలో మన కూర్చునే పద్ధతి ఇమిడి ఉంది.

గోపురం సంగతికి వస్తే, ఘనపుటడుగు గ్రానైటు సుమారు 165 పౌన్లు. 175 అడుగుల నిండు రాతి స్తంభం నిలబెడితే అడుగున చదరపు అడుగు మీద పడే బరువు సుమారు 13 టన్నులు. మంచి గ్రానైటు చితకాలంటే చదరపు అడుగుకు వందల టన్నులు కావాలి. కనుక భయం రాయి గురించి కాదు. రాళ్ళ మధ్య కలుపు గురించి, కింద నేల గురించి. నూరేళ్ళు గడిచాక కూడా గోపురం నిటారుగా నిలిచి ఉందంటే పునాది తవ్వినవాడు, కలుపు కలిపినవాడు దొంగపని చేయలేదన్నమాట. మన శాఖలో బిల్లులు పాస్ చేసిన మిత్రులకు ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

లోపలి నేల మీద రంగురంగుల పలకలు ఉన్నాయి. వాటిని బ్రిటన్ నుంచి తెప్పించి ఇటలీ పనివారి చేత పరిపించారని ప్రతీతి. రాతి మందిరంలో పెద్ద చిక్కు ప్రతిధ్వని. అన్న మాట గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చి తరువాతి మాటను మింగేస్తుంది. మైకులు లేని రోజులవి. అందుకే కప్పులో స్పాంజి వంటి బోలు పదార్థం వాడి శబ్దాన్ని పీల్చుకునే ఏర్పాటు చేశారని చెబుతారు.

అన్నిటికంటే చూడవలసినవి మూడు రంగుటద్దాల కిటికీలు. బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణం, ఇరు రెక్కలలో ఒక పక్క ఆయన పుట్టుక, మరో పక్క సిలువ. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వీటి రూపకర్త. ఇవి 1924లో లేవు. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. మొదటి కిటికీ వచ్చిన నాడు మెదక్ నిజాం ఏలుబడిలో ఉంది. రెండోది వచ్చిన సంవత్సరం దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గాని మెదక్‌కు ఇంకా రాలేదు. మూడోది వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్ళయింది. ఒకే గుడిలో మూడు కిటికీలు, మూడు రాజ్యవ్యవస్థలు. వీటిని పగలే చూడాలి. బయటి ఎండ అద్దంలోంచి దిగితేనే బొమ్మ కనిపిస్తుంది. పొద్దు గుంకితే నల్లటి పలక మాత్రమే మిగులుతుంది.

కరువు పని

ఇక అసలు విషయం. చర్చి కట్టిన కాలంలో కరువు వచ్చింది. పాస్నెట్ తిండి ఊరికే పంచలేదు, పని చూపించి తిండి పెట్టాడు. ఇది మన దేశంలో కొత్త పద్ధతి కాదు. 1784 కరువులో అవధ్ నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబాడా కట్టించాడు. 1876 – 78 నాటి మహాకరువులో మద్రాసు రాజధానిలో బకింగ్‌హాం కాలువ పని సాగింది. మెదక్ తరువాత 1929లో జోధ్‌పూర్ మహారాజు ఉమైద్ భవన్ మొదలుపెట్టింది కూడా కరువు పనిగానే.

సాధారణంగా కరువు పని అంటే చెరువు కట్ట, రోడ్డు. ఎందుకంటే అందులో పనితనం తెలియనివారికి కూడా పని దొరుకుతుంది. ఉలి పని, కమాను పని తెలిసినవారు ఎప్పుడూ కొద్దిమందే. మరి గోథిక్ చర్చి కరువు పని ఎలా అవుతుందని సందేహం రావచ్చు. రాతి కట్టడంలో ఒక మేస్త్రి చేతిలోకి ఒక రాయి చేరాలంటే దాని వెనుక ఎందరు ఉండాలో చూడండి. బండ పగలగొట్టేవారు, బండికి ఎత్తేవారు, నీళ్ళు మోసేవారు, ఇసుక జల్లించేవారు, కలుపు తొక్కేవారు, పరంజా మీదికి తట్టలు అందించేవారు. గోపురం ఒక్కొక్క అడుగు పెరిగేకొద్దీ తట్ట అందించే చేతులు పెరుగుతాయి. ఆ రకంగా 175 అడుగుల గోపురం తెలివైన కరువు పనే.

1977లో కేంద్ర ప్రభుత్వం పనికి ఆహార పథకం ప్రవేశపెట్టినప్పుడు నేను కొత్తగా చేరిన సూపర్‌వైజరును. చెరువు కట్టల మీద మట్టి పని కొలిచి ఎం.బుక్కులో రాసేవాణ్ణి. కూలీలు ఎన్ని ఘనపుటడుగులు తేలిందని ఎన్నడూ అడిగేవారు కారు. ఈ వారం గింజలు ఎప్పుడిస్తారని అడిగేవారు. ఆ అనుభవం వల్లనే మెదక్ గోడ చూస్తే నాకు ముందు రాయి కనపడదు, మస్టరు రోలు కనపడుతుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరి రాజ్యమేలుతోంది. దొర గడీకి రాయి మోసినా, అధికారి సామాను మోసినా చేతికి ఏమీ రాదు. అడిగితే దెబ్బలు. అలాంటి చోట మోసిన తట్టకు తిండి లెక్క కట్టి ఇచ్చారంటే అది చిన్న విషయం కాదు. పైగా మెదక్ ప్రాంతంలో మిషను సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల మాదిగ కుటుంబాలవారు. ఊరి గుడి గడప తొక్కనివ్వని ఆ జనం, తాము రాళ్ళు మోసిన గుడిలోకి పెద్ద గుమ్మం గుండా వెళ్ళారు. మిషనువారి ఉద్దేశంలో మతప్రచారం ఉంది, అది దాచేది కాదు. ఆకలితో వచ్చినవాడి నమ్మకం ఎంతవరకు స్వేచ్ఛతో కూడినది అని అడిగేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ ప్రశ్న అడగవలసిందే. అయితే దాని పక్కనే ఇంకొకటి కూడా అడగాలి. ఆ కరువులో అదే మనిషికి గిట్టుబాటుగా పని చూపించినవారు ఆ చుట్టుపక్కల ఎందరు ఉన్నారు?

చెప్పుకునే కథలు

మెదక్ చర్చి ఎత్తు మీద ఒక కథ ఉంది. చార్మినారు కంటే ఎత్తుగా కడుతున్నారని నిజాం ప్రభువు కినుక వహించాడని, దొర చాకచక్యంగా తప్పించుకున్నాడని చెబుతారు. చార్మినారు ఎత్తు 160 అడుగులని కొన్ని పుస్తకాల్లోను, 184 అడుగులని మరికొన్నింటిలోను ఉంది. మొదటి అంకె తీసుకుంటే చర్చి గెలుస్తుంది, రెండోది తీసుకుంటే చార్మినారు గెలుస్తుంది. కనుక కథను కథగానే ఆనందిద్దాం. అలాగే ఆసియాలో అతి పెద్దదని, ప్రపంచంలో వాటికన్ తరువాత ఇదేనని గైడులు అంటుంటారు. వాటికన్ రోమన్ కాథలిక్కులది, మెదక్ ప్రొటెస్టెంట్లది. రెంటికీ పోలికే లేదు. మెదక్ చర్చి గొప్పతనానికి ఇలాంటి బిరుదుల అవసరం కూడా లేదు.

కెథడ్రల్ అన్న మాట గురించి కూడా చెప్పాలి. బిషప్ పీఠం ఉన్న గుడిని కెథడ్రల్ అంటారు. వెస్లియన్ మెథడిస్టు మిషనులో బిషప్పులు లేరు. అందుచేత 1924లో ప్రతిష్ఠ జరిగింది కేవలం ఒక ఊరి సంఘం చర్చికి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్ – కాంగ్రిగేషనల్ శాఖలవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘాన్ని స్థాపించారు. అప్పుడు మెదక్‌కు బిషప్ వచ్చాడు, చర్చి కెథడ్రల్ అయింది. జనం నోట మాత్రం ఇప్పటికీ అది మెదక్ చర్చే. చరిత్ర ప్రకారం జనం మాటే మొదటిది.

అదే నిజాం రాజ్యంలో మరో మూల, డోర్నకల్‌లో బిషప్ అజరయ్య ఇంకో దారి తొక్కాడు. ఆయన ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్. ఆయన పూనికతో వెలసి 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌లో గోథిక్ లేదు. మన ఆలయ స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మినార్లు కలిపి కట్టించాడు. మెదక్‌ను, డోర్నకల్‌ను వెంట వెంట చూసినవారికి ఏది మనది అన్న ప్రశ్న తప్పక కలుగుతుంది. డోర్నకల్ ఆకారంలో మనది. మెదక్ చెమటలో మనది. నా మట్టుకు నేను రెంటికీ సమాన గౌరవం ఇస్తాను.

మనం చేయగలిగినది

2024 డిసెంబరు 25తో మెదక్ చర్చికి నూరేళ్ళు నిండాయి. ఏటా క్రిస్మస్ నాడు తెల్లవారుజాము నుంచే అన్ని మతాలవారూ అక్కడికి తరలివస్తారు. పాస్నెట్ పేరు, ఆర్కిటెక్టుల పేర్లు, చిత్రకారుడి పేరు పుస్తకాలకెక్కాయి. తట్ట మోసినవారి పేర్లు కుటుంబాల జ్ఞాపకాల్లో తప్ప మిగలవు. అప్పుడు ఇరవయ్యేళ్ళ కూలీ మనవడికి ఈనాడు డెబ్బయి, ఎనభయి ఏళ్ళుంటాయి. అంటే మన వయసువాళ్ళే. మా తాత మెదక్ గుడికి రాళ్ళు మోశాడట అన్న మాట చెప్పగలిగిన చివరి తరం మనమే. మన తరువాత ఆ మాట విన్నవారు ఉండరు.

కనుక మెదక్, రామాయంపేట, నర్సాపూర్, ఎల్లారెడ్డి ప్రాంతాల సభ్యులకు నాదొక విజ్ఞప్తి. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో అలాంటి ముచ్చట విన్నవారుంటే, ఏ ఊరి నుంచి వెళ్ళారు, ఏ పని చేశారు, ఏ గింజలు తెచ్చుకున్నారు అన్న మూడు సంగతులు పోస్టుకార్డు మీదనైనా రాసి పత్రిక చిరునామాకు పంపండి. వచ్చిన వాటిని ఊళ్ళవారీగా అమర్చి తరువాతి సంచికలో అచ్చు వేయడానికి సంపాదకవర్గం అంగీకరించింది. నూరేళ్ళు ఆలస్యమైతే అయింది, ఆ పని మస్టరు రోలులో కొన్ని పేర్లయినా మనం ఎక్కించగలం.